ముప్పయ్యో ప్రశ్నకు నేనిచ్చిన కీ

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లోవాళ్ళు ఈ మాట ఎదురుగానే అంటారు, స్టాఫ్ రూమ్‌లో వాళ్ళు నేను లేనప్పుడు అంటారు. నేను మాత్రం చాలాకాలం దాన్ని కోపమని ఒప్పుకోలేదు, తొందర అని పేరు పెట్టుకున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి లెక్కలు చెప్పే మనిషికి తొందర లేకపోతే కుదరదు. నవంబరుకల్లా సిలబస్ అయిపోవాలి, ఆ పైన రివిజన్, ఆ రివిజన్ మీద మళ్ళీ రివిజన్. ఎవరైనా పిల్ల లేచి సందేహం అడిగితే ముందు నా కళ్ళు గోడ గడియారం మీదికి వెళ్ళేవి.

మా ఇల్లు వన్ టౌన్‌లో. పొద్దున్నే గోడౌన్ల ముందు బస్తాలు దించుతున్న తోపుడుబళ్ళ సందుల్లోంచి దారి చేసుకుని రోడ్డెక్కి, కాలేజీ బస్సు పట్టుకుని, గన్నవరం వైపున్న మా ఆడపిల్లల క్యాంపస్‌కి చేరేసరికి ఎనిమిదవుతుంది. పాఠం చెబుతుండగా నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఆ చప్పుడుకి మాట ఆపి, అది పోగానే ఆపిన చోటే అందుకోవడం మా అందరికీ అలవాటైపోయింది. అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను.

నేను బాగా చెబుతానని పేరున్న పాఠం డెఫినిట్ ఇంటిగ్రల్స్. అందులోనూ సైన్లూ కాస్‌లూ ఉన్నవి. లెక్కలతో పరిచయం లేనివాళ్ళకి ఇంతవరకు చెబితే చాలు. అల లాంటి గీత ఒకటి అడ్డంగా సాగుతూ కొంతదూరం పైకీ కొంతదూరం కిందికీ వెళుతుంది. ఇక్కడి నుంచి అక్కడిదాకా అని రెండు హద్దులిచ్చి, ఆ మధ్యలో గీత ఎంత మేర ఆక్రమించిందో కట్టమంటారు. అడ్డగీతకి పైన ఉన్నది ప్లస్, కింద ఉన్నది మైనస్. రెండూ సమానమైతే మొత్తం సున్నా.

ఈ లెక్కల్లో హద్దులు సున్నా నుంచి 'పై' అనే సంఖ్య వరకు ఉండి, సైన్ పక్కన ఒక ఎక్స్ కూడా వచ్చి కూర్చుంటే లెక్క పొడవైపోతుంది. ఆ ఎక్స్‌ని వదిలించుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఎక్స్ ఉన్నచోటల్లా పై మైనస్ ఎక్స్ రాసి, పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపితే, ఎక్స్ పోయి దాని చోట పై బై టూ మిగులుతుంది. దీనికో షరతు ఉంది. పై మైనస్ ఎక్స్ పెట్టినప్పుడు ఎక్స్ పక్కనున్న భాగం మారకూడదు. సైన్ మారదు. కాస్ మారుతుంది, దాని గుర్తు తిరగబడుతుంది. మొదటిసారి పాఠం చెప్పినప్పుడు ఈ షరతు బోర్డు మీద రాసి కింద గీత గీసేదాన్ని. మొదటి రివిజన్‌లో నోటితో చెప్పేదాన్ని. రెండో రివిజన్‌కి వచ్చేసరికి షరతు ఎగిరిపోయి ఉపాయం ఒక్కటే మిగిలేది.

"సున్నా నుంచి పై దాకా" అని నేను అనగానే, "ఎక్స్ తీసెయ్, పై బై టూ పెట్టెయ్" అని నలభై గొంతులు ఒక్కసారి అనేవి. పక్క గదిలో కెమిస్ట్రీ చెప్పే ఆయన ఈ కోరస్‌కి విసుక్కునేవారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది. మంచి పాఠం అంటే ఇదే అనుకునేదాన్ని.

మా కాలేజీ పద్ధతి తెలియనివాళ్ళకి అది కూడా చెప్పాలి. నూట ఇరవై మంది పిల్లలు, మూడు సెక్షన్లు. ఆదివారం పరీక్ష, సోమవారం పొద్దున్న నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు. మొదటి నలభై మంది ఎ సెక్షన్. మామూలు వారాల్లో కిందికి జారితే పక్క గదిలోకి మారతారు, అంతే. డిసెంబరులో ఆఖరి వారం లిస్టు మాత్రం వేరు. ఆ లిస్టులో మొదటి నలభై మందీ మా దగ్గర ఉండిపోతారు. మిగతావాళ్ళు పెట్టెలు సర్దుకుని ఆ సాయంత్రం నాలుగు గంటల బస్సుల్లో ఇబ్రహీంపట్నం క్యాంపస్‌కి వెళ్ళిపోవాలి. పరీక్షలయ్యేదాకా ఇక తిరిగి రావడమనేది లేదు. అక్కడ చెప్పేవాళ్ళు కొత్తవాళ్ళు, హాస్టల్ కొత్తది, పక్కనే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. అక్కడికి వెళ్ళిన పిల్లలు చదవరని కాదు. ఇక మన వల్ల కాదులే అని వాళ్ళంతట వాళ్ళే అనుకోవడం మొదలుపెడతారు, అది నేను ఏటా చూస్తూనే ఉన్నాను.

పరీక్షలో లెక్కలకి ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. ప్రశ్న పక్కన ఒక డబ్బా ఉంటుంది, అందులో జవాబు మాత్రమే రాయాలి. ఎలా చేశారో ఎవరూ చూడరు, రఫ్ కాగితాలు అక్కడే చెత్తబుట్టలో వేసి రావాలి. డబ్బాలో ఒక జవాబు కొట్టేసి ఇంకోటి రాస్తే, కొట్టేసినదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఈ ఆఖరి నియమం పట్టుబట్టి పెట్టించింది నేనే. అంతకుముందు పిల్లలు మూడేసి జవాబులు రాసి, "ఇది కాదండీ, అది" అంటూ నా చుట్టూ తిరిగేవాళ్ళు.

ఆ ఆఖరి పరీక్షకి లెక్కల పేపరు నేనే తయారుచేశాను. శనివారం మధ్యాహ్నం టైపు చేసే ఆవిడ కీ కోసం వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. ఇరవై తొమ్మిదింటికి జవాబులు రాసేశాను. ముప్పయ్యో ప్రశ్న, సున్నా నుంచి పై దాకా ఎక్స్ సైన్ క్యూబ్ ఎక్స్, నెల క్రితమే ఒకసారి ఇచ్చాం. జవాబు గుర్తుపెట్టుకుని రాసేస్తారని నాకు అనుమానం వచ్చింది. సైన్ కొట్టేసి కాస్ చేశాను. మేము దీన్ని చిన్న ట్విస్ట్ అంటాం. ఇక జవాబు. ఎక్స్ తీసేసి పై బై టూ పెట్టాను. మిగిలింది కాస్ క్యూబ్, దాని సగం పైన, సగం కింద, మొత్తం సున్నా. కలం కాగితం మీద పెట్టకుండా మనసులోనే చేసి, కీలో సున్నా రాసి ఆవిడ చేతికిచ్చాను. అర నిమిషం కూడా పట్టలేదు. షరతు నాకు గుర్తే రాలేదు. పిల్లల చేత వల్లె వేయించీ వేయించీ ఆఖరికి నేనే ఆ కోరస్‌లో కలిసిపోయాను.

సోమవారం పొద్దున్న లిస్టూ, పక్కనే కీ కూడా పెట్టారు. అప్పటిదాకా ఎ సెక్షన్‌లో ఉన్నవాళ్ళలో ముగ్గురు నలభై దాటిపోయారు. అందులో నలభై మూడో ర్యాంకు పిల్లది దివిసీమ వైపు పల్లె. సన్నగా ఉంటుంది, కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చుంటుంది. కోరస్‌లో గొంతు కలపదు, పెదాలు కదుపుతుంది. ఆ సంగతి నేను కనిపెట్టి ఒకటి రెండుసార్లు దెప్పాను కూడా.

రెండో పీరియడ్‌లో నేను లోపలికి అడుగుపెట్టగానే ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, ముప్పయ్యోది ఒకసారి చూస్తారాండీ."

"ఏముంది దాంట్లో?"

"సున్నా రాదు మేడం. మైనస్ పద్నాలుగు బై తొమ్మిది వస్తుంది."

"సున్నా నుంచి పై దాకా ఇచ్చినప్పుడు ఏం చెయ్యమన్నాను?"

నలభై గొంతులూ లేవలేదు. పెట్టె సర్దుకోవాల్సిన ముగ్గురు గదిలో ఉండగా ఎవరికీ కోరస్ పాడాలనిపించలేదు కాబోలు. ఆ పిల్ల మాత్రం అలాగే నిలబడి ఉంది.

"అది కాదండీ. సగం దాకా కాస్ ప్లస్సు, తర్వాత మైనస్సు. కానీ తర్వాతి సగంలో ఎక్స్ పెద్దది కదండీ. దాంతో గుణిస్తున్నాం కాబట్టి మైనస్ వైపే ఎక్కువ రావాలి కదా."

ఆ మాట నాకు వినిపించింది. అర్థం కూడా అయింది. అయినా నోరు నా చేతిలో లేదు.

"పంతొమ్మిదేళ్ళ నుంచి చెప్తున్నానమ్మా ఈ లెక్క. నాలుగు మార్కులు పోయాయని ఇప్పుడు కొత్త గణితం కనిపెట్టకు. కూర్చో."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల కూర్చుంది. ఏడవలేదు, అదే నయం అనుకుని నేను పాఠంలో పడ్డాను. ఆ పీరియడ్ అంతా తను నా వైపు చూడలేదు, బల్ల మీద కాగితం పెట్టుకుని అదే లెక్క మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. కాగితం లాక్కుందామనుకున్నాను కూడా, కానీ ఆ అడుగు వెయ్యలేకపోయాను. అప్పటికే నాకు లోపల తెలుసేమో.

లంచ్ గంట కొట్టాక స్టాఫ్ రూమ్‌లో అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. ఒక పాత కవరు వెనక లెక్క మొదలుపెట్టాను. ఉపాయం లేకుండా, బై పార్ట్స్ పద్ధతిలో, మొదటి ఏడాది లెక్చరర్‌లా ఒక్కో మెట్టూ రాసుకుంటూ వెళ్ళాను. మైనస్ రెండు, ప్లస్ నాలుగు బై తొమ్మిది. మైనస్ పద్నాలుగు బై తొమ్మిది. ఎక్కడైనా గుర్తు తప్పిందేమోనన్న ఆశతో రెండోసారి చేశాను. అదే వచ్చింది. అయినా రెండోసారి చెయ్యడం ఎందుకు, ఆ పిల్ల చెప్పిన మాట చాలు. కావడికి రెండువైపులా ఒకే బరువు కట్టినా, ఒకవైపు కర్ర పొడుగ్గా ఉంటే అటే వంగుతుంది. ఇది తెలుసుకోవడానికి ఇంటిగ్రేషన్ కూడా అక్కర్లేదు.

గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై. బస్సు నాలుగింటికి.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు మొదట వచ్చిన ఆలోచన ఆ పిల్ల గురించి కాదు. ఈ సంగతి ఇంకెవరికైనా తెలిసిందా అన్నది. కెమిస్ట్రీ ఆయన ఎదురుగా కూర్చుని పెరుగన్నం తింటున్నారు. కవరు మడిచి పర్సులో పెట్టుకున్నాను. ఒక్క ప్రశ్న, నాలుగు మార్కులు. పిల్ల తెలివైనది, ఎక్కడున్నా చదువుకుంటుంది. లిస్టు అప్పటికే తల్లిదండ్రుల ఫోన్లకి వెళ్ళిపోయింది. ఇలా ఒక్కొక్కటీ నాకు నేను చెప్పుకుంటూ ఓ పది నిమిషాలు గడిపాను. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నన్ను లేపింది మంచితనం కాదు. ఆ పిల్ల క్లాసులో చేసినట్టే ఇబ్రహీంపట్నంలోనూ ఆ లెక్క చేసుకుంటూ కూర్చుంటుందని తట్టింది. చేసిన ప్రతిసారీ అదే జవాబు వస్తుంది. ప్రతిసారీ నా మొహమే గుర్తొస్తుంది. అది భరించలేక లేచాను.

డీన్ గారు తన గదిలో ఫోన్‌లో ఉన్నారు. ఆయన కూడా ఒకప్పుడు లెక్కల మనిషే. నేను కవరు బల్ల మీద పెట్టాను. ఫోన్ పెట్టేసి చదివారు.

"తప్పే," అన్నారు.

"అవునండీ. నా తప్పే."

"ఎవరికైనా తెలుసా?"

"ఒక అమ్మాయికి తెలుసండీ. క్లాసులో అడిగింది. నేను కూర్చోబెట్టేశాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "మేడం గారూ, లిస్టు పేరెంట్స్‌కి వెళ్ళిపోయింది. ఇప్పుడు కీ మార్చామంటే, మిగతా ఇరవై తొమ్మిదీ కూడా చూడమంటారు. ఫిజిక్స్ కీ చూడమంటారు. ఆ అమ్మాయిని ఒక నెల పోయాక మెల్లగా వెనక్కి తెప్పిద్దాం. నేను చూసుకుంటాను."

ఆయన నెల మాట నాకు తెలుసు. అంతకుముందు కూడా ఇలాంటి నెలలు విన్నాను, ఒక్కటీ రాలేదు.

"లేదండీ, ఈరోజే కావాలి. నేను క్లాసులో నిలబడి తప్పు నాదని చెప్తాను. పేరెంట్స్‌కి నా పేరుతోనే మెసేజ్ పెట్టండి."

"మీ పేరు పోతుంది."

"పోనివ్వండి."

పేరు పోవడమంటే ఏమిటో నాకు తెలుసు, ఆ పేరు తప్ప ఆ కాలేజీలో నాకు వేరే ఏమీ లేదు. ఆయనకి కూడా అది తెలుసేమో, ఇక వాదించలేదు. గడియారం చూశారు.

"రెండైంది. పేపర్లు తెప్పిస్తాను. ముప్పయ్యో ప్రశ్న ఒక్కటే మీరు మళ్ళీ దిద్దండి. మూడున్నరకి నాకు లిస్టు కావాలి. నలభై అంటే నలభై, నలభై ఒకటి కుదరదు. రేపటి నుంచి ఇక్కడ నలభై మంచాలే ఉంటాయి."

నూట ఇరవై పేపర్లు మూడు కట్టలుగా తెచ్చి పరీక్షల గదిలో నా ముందు పెట్టారు. తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాను. కట్ట తాడు ముడి రాలేదు, కత్తెరతో కోశాను.

మొదటి పేపరులో సున్నా. రెండోదాంట్లో సున్నా. మూడు, నాలుగు, ఐదు, అన్నీ సున్నాలే. నిన్న దిద్దినప్పుడు ఆ సున్నాల పక్కన పడ్డ ఎర్ర టిక్కుల్ని ఇప్పుడు ఒక్కొక్కటే కొట్టేసి, నాలుగు మార్కులు తీసేసి, కింద సంతకం పెట్టుకుంటూ పోయాను. ఇరవయ్యో పేపరు దాటేసరికి నాకు అర్థమైంది. వాళ్ళెవరూ పొరపాటు చెయ్యలేదు. నేను ఏం చెయ్యమన్నానో అదే చేశారు. ఎ సెక్షన్‌లో దాదాపు అందరూ సున్నాయే రాశారు. సి సెక్షన్‌లో, నా పాఠాలు తక్కువ విన్నవాళ్ళలో, కొందరు ఏవేవో తప్పులు రాశారు, కొందరు ఖాళీ వదిలేశారు. నాకు ఒక వెర్రి ఆలోచన కూడా వచ్చింది, ఖాళీ వదిలినవాళ్ళే నయమని.

మైనస్ పద్నాలుగు బై తొమ్మిది అని రాసినవాళ్ళు మొత్తం మీద ఐదుగురు. వాళ్ళలో నలుగురు ఎలాగూ పై ర్యాంకుల్లోనే ఉన్నారు. ఐదో పేపరు దివిసీమ పిల్లది. డబ్బాలో అంకెలు గుండ్రంగా, ఎక్కడా దిద్దకుండా ఉన్నాయి. నాలుగు మార్కులు వేశాను. తర్వాతి పేపరు తీశాను.

మూడుంపావుకి కొత్త లిస్టు కట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్లకి నాలుగు పెరిగాయి, చుట్టుపక్కలవాళ్ళకి నాలుగేసి తగ్గాయి. తను ముప్పై ఆరుకి వచ్చేసింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు కింద చూశాను. ఒకరు లోపలికి వస్తే ఒకరు బయటికి పోవాలి. పొద్దున్న నలభయ్యో ర్యాంకులో ఉన్న పిల్ల ఇప్పుడు నలభై ఒకటి.

ఆ పిల్ల నాకు బాగా తెలుసు. మొదటి బెంచీ. వాళ్ళ నాన్నగారు ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో టీచరు. కోరస్‌లో అందరికంటే ముందు లేచే గొంతు తనదే. నేను బోర్డు మీద ఏది రాసినా, తుడిచేలోగా దాన్ని రంగు పెన్నులతో నోట్సులోకి ఎక్కించేది. ఎప్పుడైనా నాకు సుద్దముక్క అయిపోతే నేను అడక్కముందే తెచ్చి ఇచ్చేది.

తన పేపరు మళ్ళీ తీశాను, కూడికలో ఎక్కడైనా ఒక మార్కు దొరుకుతుందేమోనని. దొరకలేదు. అప్పుడు ముప్పయ్యో డబ్బా సరిగ్గా చూశాను. ఇందాక తొందరలో, సున్నా కనపడగానే దాని పక్కనున్న టిక్కుని కొట్టేసి ముందుకెళ్ళిపోయాను. సున్నాకి ఎడమపక్కన అడ్డంగా ఒక గీత కొట్టి ఉంది. ఆ గీత కింద, స్పష్టంగా, మైనస్ పద్నాలుగు బై తొమ్మిది.

పేపరు పట్టుకుని డీన్ గారి దగ్గరికి పరుగులాంటి నడక నడిచాను. మూడూ ఇరవై ఐదు.

"ఇది చూడండి. ఈ అమ్మాయికి సరైన జవాబే వచ్చింది. రాసింది కూడా."

"రాసి కొట్టేసింది కదండీ."

"నా వల్ల కొట్టేసింది. నేను చెప్పిన ఉపాయం వల్ల."

"అది మీరూ నేనూ ఊహించుకుంటున్నాం. పేపరులో లేదు." ఆయన విసుగ్గా అనలేదు, అలసటగా అన్నారు. "కొట్టేసిన జవాబుకి మార్కులిస్తే, ఇంకో గంటలో అందరూ కొట్టేసినవి పట్టుకుని ఇక్కడికి వస్తారు. ఈ రూలు ఎవరు పెట్టించారో మీకు గుర్తుంది కదా."

"నలభై ఒకటో కుర్చీ ఒకటి వేయించండి. నా క్లాసులో, నా ముందు. నిలబడి వినమన్నా వింటుంది ఆ పిల్ల."

"మేడం గారూ, ఈపూట మీరు అడిగినది ఒకటి చేశాను. రెండోది చెయ్యలేను."

ఆయన చెయ్యి చాపారు. లిస్టు ఇచ్చేశాను.

మూడున్నరకి క్లాసులోకి వెళ్ళాను. పిల్లలు అందరూ ఉన్నారు, లిస్టు మారుతోందని వాళ్ళకి ఎలాగో తెలిసిపోయింది. బోర్డు మీద ముప్పయ్యో ప్రశ్న రాశాను. షరతు రాశాను, కింద గీత గీశాను. కాస్ గుర్తు ఎలా తిరగబడుతుందో చూపించాను. బై పార్ట్స్‌లో మొత్తం చేసి జవాబు రాశాను.

"ఇది నేను తప్పు చేశాను. కీ తప్పు. అంతకుముందు మీకు చెప్పింది కూడా తప్పే, షరతు లేకుండా చెప్పాను." ఆ తర్వాత దివిసీమ పిల్ల వైపు తిరిగాను. "పొద్దున్న నువ్వు చెప్పింది రైటమ్మా. నేను అలా మాట్లాడాల్సింది కాదు."

తను లేచి నిలబడింది. "పర్లేదు మేడం," అని కూర్చుంది. తన మొహంలో సంతోషం వెతికాను. భయం తగ్గింది, అంతవరకే కనిపించింది. పొద్దున్న నేను అన్న మాట అంత తేలిగ్గా పోయేది కాదు.

ఆఫీసు ఆవిడ వచ్చి కొత్త లిస్టు చదివింది. నలభయ్యో పేరు చదివి కాగితం మడిచింది. మొదటి బెంచీ పిల్ల ఇంకో పేరు కోసం ఎదురుచూసినట్టు ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నోట్సులు ఒక్కొక్కటే బ్యాగులో పెట్టుకుంది. పక్కపిల్ల భుజం మీద చెయ్యి వేస్తే నెమ్మదిగా తీసేసింది.

బస్సు దగ్గరికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళి ఏం చెప్పను? వాళ్ళ నాన్నగారు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు. అయినా కాళ్ళు ఆగలేదు. నాలుగుకి ఐదు నిమిషాలుండగా గేటు దగ్గరికి చేరాను. డ్రైవరు పెట్టెలు పైకి ఎక్కిస్తున్నాడు. ఆ పిల్ల మెట్టు మీద కాలు పెట్టబోతూ నన్ను చూసి దిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ నన్ను చూడగానే అలవాటు కొద్దీ నిటారుగా నిలబడింది. "నమస్తే మేడం," అంది.

పక్కకి పిలిచాను. తన పేపరు నా చేతిలోనే ఉంది, తిరిగి కట్టలో పెట్టడం మర్చిపోయాను. ముప్పయ్యో డబ్బా చూపించాను.

"నీకు సరిగ్గానే వచ్చింది కదమ్మా. ఎందుకు కొట్టేశావు?"

పిల్ల కాగితం వైపు చూసింది. చాలా మామూలుగా, నేను అడిగింది పాఠంలో ప్రశ్న అన్నట్టు జవాబు చెప్పింది.

"రెండుసార్లు చేశానండీ. రెండుసార్లూ అదే వచ్చింది. మీరు చెప్పినట్టు చేస్తే సున్నా వచ్చింది. ఇంక నాదే తప్పయ్యుంటుందనుకున్నాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. పిల్ల వెళ్ళి బస్సెక్కింది.